ఇనుముకు మైల లేదు

స్పానరు జారింది. గోడకు అవతల, షెడ్డులో, అది నట్టు మీది నుంచి జారి బండి రేకుకు తగిలిన చప్పుడూ, ఆ వెంటనే హులిగప్ప నోట్లోంచి వచ్చిన బూతూ, రెండూ పెరట్లోకి వినిపించాయి. బట్టలుతికే బండ పక్కన చెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్న పంపమ్మ చేతులు ఆగిపోయాయి. మొగుడు ఒక సైజు పెద్ద స్పానరు పట్టుకున్నాడు. వదులు స్పానరుతో తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, గుండ్రమైన నట్టును ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఉలి లేకుండా తీయలేడు. లేచి వెళ్ళి ఆ ముక్క చెప్పడానికి అడ్డం ఉన్నది ఒక్క గోడే. కానీ ఆమె నిన్న పొద్దున్నుంచి ఇంటికి దూరంగా ఉంది. ఆ గోడ దాటకూడదు.

నెలకు మూడు రోజులు పెరడే ఆమె ఇల్లు. రేకుల వాలు కింద ఒక చాప, ఒక కంబళి, అంచు సొట్టబోయిన సత్తు పళ్ళెం, ఒక చెంబు. పెళ్ళయి ఈ గాంధీనగర్ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అవే. అత్త దుర్గక్క అన్నం దూరం నుంచే పెడుతుంది, నీళ్ళు పైనుంచే పోస్తుంది, పనిని మాత్రం దూరం పెట్టదు. మా కోడలికి మూడు దినాలు విశ్రాంతి అని వీధిలో చెప్పుకుంటుంది. ఆ విశ్రాంతి మొదలైన కాసేపటికే చెనక్కాయల మూటను దొర్లించుకుంటూ వస్తుంది. మైల చేత్తో ఒలిచిన గింజలు ఇంట్లోకి ఎట్లా పోతాయని పంపమ్మ కొత్తలో ఒకసారి అడిగింది. "పొట్టుండే దానికి మైల లేదు లేమ్మే. యాడికీ పెనం మీద ఏంచేదే గదా, నిప్పు మీద పడితే అన్నీ పోతాయి" అంది దుర్గక్క. శాస్త్రం ఆమె చేతిలో ఓళిగలకు కలిపిన మైదాపిండి. ఎటు లాగితే అటు సాగుతుంది.

ఇంటి ముందు భాగమే షెడ్డు. బళ్ళారిలో కారంటే అంబాసడరో ఫియట్టో తప్ప ఇంకోటి కనిపించని రోజులవి. హులిగప్ప షెడ్డంటే గాంధీనగర్‌లోనే కాదు, కూరెకుప్ప దాకా తెలుసు. అటునుంచి గనుల జీపులు వచ్చేవి. హులిగప్ప చెయ్యి పడితే ఎంత మొండి ఇంజనైనా మాట వింటుందనేవాళ్ళు. ఒకప్పుడు అది నిజమే, ఆ చెయ్యి మంచి చెయ్యే. మూడేళ్ళ కిందట తిరుగుతున్న ఫ్యాను బెల్టులో పడి ఆ కుడిచేతి వేళ్ళు రెండు సగానికి పోయాయి, మిగిలినవాటిలో స్పర్శ పోయింది. నట్టు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు, జారితే జారినట్టు తెలియదు. పెళ్ళయిన నాటి నుంచీ పక్కన నిలబడి స్పానర్లు అందించిన పంపమ్మ, ఆ వారం సగంలో ఆగిపోయిన జీపు కిందికి మొదటిసారి తనే దూరింది. దూరినాక తెలిసింది, తనకు ఇదంతా వచ్చునని. ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే తెలియదు.

అప్పుడే షెడ్డుకు అడ్డంగా గోనెసంచులు కుట్టిన పరదా వచ్చింది. "ఆడది ఇంజను ఇప్పుతాదంటే బండి ఎవురిస్తారు? నాలుగు దినాలు లే, నా చెయ్యి బాగయ్యేదంకా" అన్నాడు హులిగప్ప. ఆ నాలుగు దినాలు మూడేళ్ళయ్యాయి.

పరదా లోపల ఆమె చీర మీద ఆయన పాత చొక్కా తొడుక్కుని పని చేస్తుంది. ఆయన పక్కన బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని, బయటివాళ్ళకు వినపడేటట్టు అప్పుడప్పుడూ సుత్తితో ఆ డ్రమ్మునే రెండు దెబ్బలు వేస్తాడు. ఎవరైనా వచ్చి పిలిస్తే లేచి ఆమె ముందర రెండు చేతులూ చాస్తాడు. ఆమె తన నల్లటి అరచేతులను ఆ చేతులకు రుద్దుతుంది. మసి ఆమె నుంచి ఆయనకు మారుతుంది. ఆయన ఆ మసిని గుడ్డతో తుడుచుకుంటూ, చెమట పట్టని నుదుటిని మోచేత్తో ఒత్తుకుంటూ, పరదా తొలగించుకుని బయటికి పోతాడు. ఆమె వెనక దారిన పెరట్లోకి పోయి ముందు కిరసనాయిలుతో, తర్వాత బూడిదతో, ఆ తర్వాత సబ్బుతో చేతులు తోముకుని, టీ పెట్టి, కొంగు నిండుగా కప్పుకుని తెచ్చి ఇస్తుంది. "నీ మొగుని చేతిలో హులిగెమ్మ తల్లి ఉండాదమ్మా" అంటూ గ్లాసు అందుకుంటారు వచ్చినవాళ్ళు. ఆమె నవ్వాలి. గోళ్ళ సందుల్లో మిగిలిన నలుపు కనపడకుండా వేళ్ళు పళ్ళెం కిందికి మడుచుకుని నవ్వేది కూడా.

ఇంట్లో మాట ఇంకో రకం. పోయిన ఉగాదికి ఆమె ఏదో మాటకు మాట అంటే హులిగప్ప అన్నాడు: "స్పానరు పట్టుకుంటే మేస్త్రివైపోతావా? చూపు నాది. చెయ్యి నీది. అంతే." ఆ చూపు అన్నం తినొచ్చి డ్రమ్ము మీద కూర్చున్నాక కునుకు తీస్తుందని ఆమె అనలేదు. అనకుండా మింగినవన్నీ ఎక్కడికి పోతాయో గానీ, ఈ మధ్య పంపమ్మకు నిలకడ లేదు. రొట్టెలు తడుతూ తడుతూ చేతిలో ఉన్న పిండి గోడకేసి కొట్టాలనిపిస్తుంది. పడుకుంటే కాళ్ళు ఊరికే కదులుతాయి. ఆమె కోరుకునేది పెద్దదేమీ కాదు. బండి ఇచ్చినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, ఇది నువ్వు చేసిన పని అని తెలిసి, ఆమె ముందర నిలబడి ఆ ఇంజను చప్పుడు వినాలి. ఆ ఒక్కటే. ఆ ఒక్కటీ ఈ ఇంట్లో అడగరాని కోరిక అయి కూర్చుంది.

సోమవారం సత్యనారాయణపేట నుంచి మల్లికార్జునయ్య అంబాసడరు వచ్చింది. బజారులో పెద్ద బట్టల కొట్టున్న సావుకారు. శుక్రవారం కొడుకు నిశ్చితార్థానికి ఆదోని పోవాలట, ఇంజను ముందు భాగంలో ఏదో గలగలమంటోందట. పంపమ్మ పరదా వెనక నుంచి వింది. టైమింగ్ చైను సాగిపోయి మూతకు కొట్టుకుంటోంది, వేరే ఏమీ కాదు. గురువారం పొద్దున వచ్చి తీసుకుపొమ్మని హులిగప్ప మాట ఇచ్చేశాడు. మంగళవారం తెల్లారేసరికి ఆమె దూరమైంది.

"ఈసారి నేనే పీకుతాలే. ఎన్ని చైన్లు పీకలేదు నేను" అన్నాడు హులిగప్ప పెరటి గుమ్మంలో నిలబడి. ఆమెకు కోపం రాలేదు. పోనీ, చెయ్యి తిరిగి స్వాధీనమైందేమో అని ఒక ఆశ. నిజంగానే అయితే ఇక తను ఎప్పటికీ టీ గ్లాసులకే అని ఒక భయం. రెండూ ఒకేసారి కలిగాయి, రెండింటిలో ఏది పెద్దదో తేల్చుకోలేక రాత్రంతా పొర్లింది.

ఇవాళ బుధవారం. పొద్దున్నుంచి గోడ అవతల జరుగుతున్నదంతా ఆమె చెవులతో చూస్తోంది. టైమింగ్ చైను తీయడమంటే ఇంజను ముఖం మొత్తం విప్పడమే. రేడియేటరు తీశాడు, అది తెలిసింది. బెల్టు తీశాడు. ఇప్పుడు, బండిని చేత్తో తిప్పి స్టార్టు చేసే హ్యాండిలు తగిలించే పెద్ద నట్టు దగ్గర ఆగిపోయాడు. ఆ నట్టు తిరక్కుండా కింద ఒక రేకు వాషరు అంచు మడిచి ఉంటుంది. మడత లేపకుండా తిప్పితే మణికట్టు బెణుకుతుంది తప్ప నట్టు రాదు. మళ్ళీ స్పానరు జారింది, మళ్ళీ బూతు.

"అత్తా" అంది ఉండబట్టలేక. "ఆ నట్టు కింద రేకు మడిచి ఉంటాది. ముందర దాన్ని ఉలితో లేపమని చెప్పు."

చేట పట్టుకుని వచ్చిన దుర్గక్క దూరంగా నిలబడింది. "సుమ్నె నోరు మూసుకోని ఉండు. మైల మనిషి మాటలు మోసేకి నేనేమన్నా టపా బంట్రోతునా? ఆడ అమ్మవారి పటముండాది."

"మాటకు కూడా మైలనా అత్తా?"

"నోట్లోంచి వస్తాది గదా."

చేట నింపుకుని దుర్గక్క లోపలికి పోయింది. కాసేపటికి షెడ్డులోంచి ఆమె గొంతే వినిపించింది: "ఏంరా, దాని కింద రేకు గీకు ఏమన్నా మడిచి ఉంటాదేమో చూడు." తనకే తోచినట్టు చెప్పింది ముసలామె. మాట మడి కట్టుకుని లోపలికి పోయిందన్నమాట. నట్టు వచ్చింది.

ఆ తర్వాత ముందరి మూత ఊడివచ్చిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అసలు సంగతి ఇక్కడే. మూత తీస్తే రెండు పళ్ళచక్రాలు, వాటిని కలుపుతూ చైను. కింది చక్రం పిస్టన్లతో పాటు తిరిగేది, పైది వాల్వులను తెరిచి మూసేది. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజను మూయవలసినప్పుడు తెరుస్తుంది, తెరవవలసినప్పుడు మూస్తుంది. చక్రాల మీద కంపెనీ వేసిన చుక్కలుంటాయి, రెండు చుక్కలూ ఎదురెదురుగా పెట్టి చైను తొడిగితే సరిపోతుంది. కానీ ఈ బండికి ఎవరో ఎప్పుడో గుజిరీ కొట్టులో కొన్న పాత సామాను వేశారు. పోయినేడు నూనె కారుతోందని మూత తీసి సీలు మార్చినప్పుడు పంపమ్మ చూసింది, ఆ చక్రాలకు చుక్కలు అరిగిపోయి ఉన్నాయి. ఆయన అప్పుడు కునుకులో ఉన్నాడు. అట్లాంటివాటికి విప్పకముందే మన గుర్తు మనం పెట్టుకోవాలి.

ఆమె పెట్టే గుర్తు గోళ్ళరంగు. హులిగి జాతరలో ముచ్చటపడి కొనుక్కున్న ఎర్ర రంగు సీసా. "ఎవురికి చూపేకి?" అంది అత్త. ఆ మాటకు కాదు, మసి పట్టిన గోళ్ళ మీద రంగు అందగించదని ఆమే పెట్టుకోవడం మానేసి, సీసాను స్క్రూడ్రైవర్ల డబ్బా అడుగున దాచింది. ఒకనాడు గుర్తు పెట్టడానికి సుద్దముక్క దొరక్క దాన్ని తీసింది. కిరసనాయిలులో కడిగినా చెక్కుచెదరలేదు. అప్పటి నుంచీ ఆమె చేతికి పెట్టుకోలేని రంగు బళ్ళారి బళ్ళ కడుపుల్లో తిరుగుతోంది.

గుర్తు పెట్టినావా అని గోడ మీంచి అరవబోయింది. షెడ్డు ముందర ఎవరో నిలబడి హులిగప్పతో మాట్లాడుతున్నారు. పెళ్ళాం పెరట్లోంచి ఇంజను సంగతి అరిస్తే మూడేళ్ళ పరదా ఆ ఒక్క అరుపుతో చిరిగిపోతుంది. నోరు మూసుకుంది. బండ నుంచి గోడ దాకా, గోడ నుంచి బండ దాకా తిరిగింది. కూర్చుని ఒలవబోతే కాయలతో పాటు గింజలు కూడా చిదికిపోతున్నాయి.

పొద్దు వాలేవేళ హ్యాండిలు తిప్పడం వినిపించింది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి టప్పుమని కార్బురేటరు గుండా పేలింది. హ్యాండిలు వెనక్కి తన్నినట్టుంది, హులిగప్ప అమ్మా అన్నాడు. పంపమ్మకు సంతోషమైంది. ఆ సంతోషానికి సిగ్గేసింది. సిగ్గుపడినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది.

వాచిన మణికట్టుకు గుడ్డ చుట్టుకుని హులిగప్ప పెరట్లోకి వచ్చాడు. వెనకే దుర్గక్క. ఆయన ఆమె ముఖం చూడకుండా చెనక్కాయల కుప్పను చూస్తూ చెప్పాడు: "గుర్తు పెట్టినా. నువ్వు పెట్టినట్టే పెట్టినా. అమ్మవారి కాడుండే కుంకుమ తడిపి, రెండు చక్రాలకూ బొట్టు పెట్టినా. కిరసనాయిల్లో కడిగేతలికి పోయింది."

"నేను పెట్టేది కుంకుమ అనుకుంటివా?"

"ఎర్రగుంటాది గదా. అమ్మవారిని తల్చుకోని పెడతావు అనుకుంటి."

పంపమ్మకు నవ్వు వచ్చింది. మూడేళ్ళు మూరెడు దూరంలో కూర్చున్న మనిషి. అదేమిటే అని ఒక్కసారి అడిగి ఉంటే సీసా తీసి చూపించేది. అడగలేదు. చూపు నాది అన్నవాడు చూడనే లేదు.

దుర్గక్క గొంతు సవరించుకుంది. మధ్యాహ్నం దాకా మాటకు కూడా అంటిన మైల ఇప్పుడు ఎట్లా వదులుతుందా అని పంపమ్మ చూస్తోంది. ముసలామెకు అదెంత పని. "ఇనుముకు మైల లేదు లేమ్మే. కొలిమిలో కాలిందే గదా అది. గడప తొక్కద్దు, సందులోంచి పో. అమ్మవారి పటం నేను గోడతట్టు తిప్పి పెడతాను. పరదా దించుకోని ఆ పని చేసేసి, మళ్ళా వచ్చి ఈడే కూచో."

ఇనుముకు మైల లేదు. పంపమ్మ ఆ మాటను లోపల తిప్పుకుంటూ ఉండిపోయింది. ఇప్పుడు బడికి పోతున్న కూతురు రెండేళ్ళదిగా ఉన్నప్పటి ఒక సాయంత్రం ఆమెకు గుర్తుకొచ్చింది. బిడ్డకు ఒళ్ళు కాలే జ్వరం. గుమ్మంలో నిలబడి అమ్మా అమ్మా అని ఏడుస్తూ చేతులు చాచింది. పంపమ్మ ఇదే చాప మీద ఉంది. లేచి రెండడుగులు వేసింది కూడా. దుర్గక్క బిడ్డను రెక్క పట్టి వెనక్కి లాగి, "ముట్టుకున్నావంటే ఇల్లంతా కడగల్ల, ఒగ దినం ఓర్చుకోలేవా?" అంది. హులిగప్ప అక్కడే ఉన్నాడు. చెప్పులేసుకుని షెడ్డులోకి పోయాడు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గుమ్మంలోనే నిద్రపోయింది, పంపమ్మ ఇక్కడి నుంచే చూస్తూ కూర్చుంది. ఆ రోజు కూడా ఏదో ఒక మినహాయింపు వెతికి ఉండవచ్చు గదా. కొలిమిలో కాలిన ఇనుముకు మైల లేకపోతే, జ్వరంలో కాలుతున్న బిడ్డకు మాత్రం ఎందుకుండాలి? అప్పుడు ఎవరికీ తోచలేదు. ఎందుకంటే బిడ్డ ఏడుపు వీళ్ళ పని చెడగొట్టలేదు. సావుకారు బండి చెడగొడుతుంది. ఇంత సులువైన లెక్క తనకు ఇన్నేళ్ళూ ఎందుకు అర్థం కాలేదా అని పంపమ్మ తన మీద తనే విసుక్కుంది.

"పొద్దున చూస్తా" అంది.

"ఇప్పుడే చేయరాదా? సావుకారు ఎండెక్కకముందే వస్తాడు" అన్నాడు హులిగప్ప.

"ఈ చెనక్కాయలు ఇంకా ఉండాయి గదా. అత్త ఒలచమనింది." ఆమె మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని లోపలికి పోయారు.

తెల్లారగానే సందులోంచి షెడ్డులోకి వచ్చింది పంపమ్మ. పరదా దించి ఉంది. హులిగెమ్మ పటం నిజంగానే గోడవైపు తిరిగి ఉంది, మేకుకు వేలాడుతూ వీపు చూపిస్తోంది. కిరసనాయిలు తట్టలో అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. ఆమె చీర మీద పాత చొక్కా తొడుక్కుని చేతులు మడిచింది. హులిగప్ప డ్రమ్ము మీద కూర్చున్నాడు. సుత్తి ఎడమచేతిలో ఉంది కానీ కొట్టడం లేదు.

ముందు ఆయన బిగించినదంతా విప్పింది. పెద్ద నట్టు, బెల్టు చక్రం, మూత. చైనును బిగువుగా ఉంచే దాన్ని వెనక్కి నొక్కి తీసి పక్కన పెట్టింది. పై చక్రం నట్టు విప్పి, రెండు చక్రాల వెనకా రెండు స్క్రూడ్రైవర్లు దూర్చి, కొంచెం కిందిది, కొంచెం పైది, మళ్ళీ కిందిది అంటూ తోసుకొచ్చింది. ఒక్కదాన్నే లాగితే చైను పట్టేస్తుంది, రెండూ సమంగా కదలాలి. కదిలాయి. చైనుతో సహా రెండు చక్రాలూ ఆమె చేతుల్లోకి వచ్చేశాయి. ఆ బరువు చేతుల్లో పడగానే రెండు నెలల నుంచీ ఒంట్లో తిరుగుతున్న చిరాకు ఎక్కడో సర్దుకుంది. మూడు రోజుల నుంచి వేళ్ళు అడుగుతున్నది ఇదే.

గుర్తులు లేవు. లేకపోతే ఇంజనునే అడగాలి. మొదటి ప్లగ్గు తీసి ఆ బెజ్జంలో సైకిలు పుల్ల దించి, పిస్టను పైకంటా వచ్చిన చోటు పట్టుకుంది. వాల్వుల మీది మూత కూడా తీసి, పై చక్రం తొడిగే ఇరుసును మెల్లగా తిప్పుతూ, చివరి రెండు వాల్వుల మీద వేళ్ళు ఆనించింది. ఒకటి మూసుకోవడం అయిపోతూ, రెండోది తెరుచుకోవడం మొదలవుతూ ఉండే చోటొకటి ఉంటుంది. కంటికి కనపడేది కాదు. వేలికి తెలుస్తుంది. కళ్ళు మూసుకుంది. కొంచెం ముందుకు, వెంట్రుకవాసి వెనక్కి. ఇదిగో. అక్కడ ఆపి కొత్త చైను వేసిన చక్రాలను తొడిగింది. డబ్బా అడుగు నుంచి సీసా తీసి కింది చక్రానికొక చుక్క, పై చక్రానికొక చుక్క, ఎదురెదురుగా పెట్టింది.

"అదా?" అన్నాడు హులిగప్ప.

"అదే. గోళ్ళరంగు."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో బయట చెప్పుల చప్పుడు, "ఏం హులిగప్పా" అని మల్లికార్జునయ్య గొంతు.

హులిగప్ప చటుక్కున లేచాడు. లేచి, అలవాటుగా, ఆమె ముందర రెండు చేతులూ చాచాడు. కుడిచేతికి కట్టు, ఎడమచెయ్యి కడిగినట్టుగా ఉంది. అరచేతులు మసి కోసం ఎదురు చూస్తున్నాయి. పంపమ్మ తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా నలుపు. ఈ నలుపు తన సంపాదన. మూడేళ్ళుగా దీన్ని రోజూ ఇట్లా దానం చేస్తూ వచ్చింది. సందులోంచి దుర్గక్క గొంతు తగ్గించి కేక వేసింది, అదీ అలవాటుగానే: "పంపా, సావుకారు వచ్చినాడు. బేగ పోయి టీ పెట్టు."

"నేను వంటింట్లోకి రావచ్చునా అత్తా?"

దుర్గక్క సందు మూల నుంచి తల బయటికి పెట్టి చూసింది.

"ఇనుముకు మైల లేదంటివి. టీకి ఉండాది గదా." ఆమె మొగుడి వైపు తిరిగింది. "నీ చేతులు తేటగా ఉండాయి. టీ నువ్వు తీసకరా పో."

"ఏంది నువ్వనేది?" హులిగప్ప గుసగుసగా అన్నాడు. "సావుకారు చూస్తే బండి తీస్కోని పోతాడు. ఇంగ ఈ షెడ్డుకు ఎవురన్నా వస్తారా?"

"ముందర సగం లేని బండిని ఎట్లా తీస్కపోతాడు? ఇది మళ్ళా బిగించేది నేనే గదా."

ఆయన ఆమెను చూశాడు. కోపంగానే చూశాడు, కానీ చూశాడు. చక్రాల మీది రెండు ఎర్ర చుక్కలు చూశాడు, చాచిన తన చేతులు చూసుకున్నాడు. వాటిని ఏం చేయాలో తెలియనట్టు లుంగీకి తుడుచుకున్నాడు, తుడవడానికి ఏమీ లేకపోయినా. తర్వాత తల దించుకుని సందులోంచి ఇంట్లోకి పోయాడు. లోపల దుర్గక్క ఏదో గొణగడం, గ్లాసులు కడిగిన చప్పుడు వినిపించాయి.

పంపమ్మ ముందుగా పటం దగ్గరికి వెళ్ళింది. నల్లటి చేత్తోనే హులిగెమ్మను ఇటు తిప్పింది. ఆ తర్వాత పరదాను మేకు నుంచి ఒక్క లాగు లాగింది. ఇన్నేళ్ళ దుమ్ముతో సహా అది కిందికి జారింది. ఎండ ఇంజను మీద పడింది.

బయట నిలబడ్డ మల్లికార్జునయ్య తెల్లటి పంచె కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని లోపలికి చూశాడు. విప్పి ఉన్న తన బండిని చూశాడు, దాని ముందర మగచొక్కా తొడుక్కుని నిలబడ్డ టీ గ్లాసుల పంపమ్మను చూశాడు, ఆమె చేతులు చూశాడు. తర్వాత ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెడ చాచి వెతికాడు.

"హులిగప్ప యాడమ్మా?"

"టీ తెచ్చేకి పోయినాడప్పా" అంది పంపమ్మ. "బండి సంగతి నన్నడుగు."